కుంటి మేక మీద ఇరవై మూడు గొంతులు

యురయా టుల్లక్ జీవితంలో ఒక్క పాట పాడలేదు. పుట్టినరోజు కేకు ముందు అందరూ చప్పట్లు కొడుతూ పాడుతుంటే ఆయన కొవ్వొత్తులకేసి చూస్తూ నిలబడేవాడు. కానీ కింగ్‌స్టన్ బస్సుల్లో, బార్బర్ షాపుల్లో, పెళ్లిళ్లలో మోగిన పాటలు చాలావాటిని పట్టి టేపు మీద పెట్టింది ఆయన చేతులే. రికార్డు మధ్యలో అంటించే గుండ్రటి కాగితం మీద ఆయన పేరు ఉండేది కాదు. ఆయన అడగనూ లేదు.

సొంత ప్రాంతం క్లారెండన్, చక్కెర మిల్లు పక్కన. మే పెన్‌లో రేడియోలు బాగుచేయడం నేర్చుకుని కింగ్‌స్టన్ వచ్చి, మిస్ డోర్కస్ యాప్ ఇనుపసామాన్ల షాపులో మేకులు తూచే పనికి కుదిరాడు. షాపు వెనక పెరట్లో ఆవిడకి చిన్న స్టూడియో ఉంది. ఒకరోజు అక్కడి టేపు మెషిన్ మొరాయించింది. యురయా తక్కెడ పక్కన పెట్టి వెళ్లి, మెషిన్ విప్పి, అరగంటలో తిరిగేలా చేశాడు.

"అక్కడే కూర్చో. మేకులు నేను తూచుకుంటా" అంది మిస్ డోర్కస్.

ఆ కుర్చీలో పదిహేడేళ్లు గడిచాక, ఎనభై ఆరులో, కుంటి మేక పుట్టింది.

అది ఫిబ్రవరి. కీబోర్డు వాయించే లెబర్ట్, యురయా కలిసి కొత్త రిడిమ్ కడుతున్నారు. రిడిమ్ అంటే మాటల్లేని దరువు, దాని కింద బేసు, అంతే. ఇల్లు కట్టి తలుపు తీసి ఉంచితే పాడేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, అదే దరువు మీద తలా ఒక పాట పెట్టి పోతారు. ఆరోజు డ్రమ్ మెషిన్‌లో ఒక బటన్ జిడ్డు పట్టి, మూడో దెబ్బ వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది.

"బాగుచెయ్యి ఇంజినీర్. కుంటుతోంది" అన్నాడు లెబర్ట్.

యురయా ఇంకోసారి విన్నాడు. పెరట్లో పక్కింటివాళ్ల మేక వెనక కాలు ఈడ్చుకుంటూ అరటితొక్కల వైపు వెళ్తోంది.

"కుంటితే ఏం? అదీ నడుస్తోందిగా" అన్నాడు. బటన్ ముట్టుకోలేదు. రిడిమ్‌కి ఆ పేరే ఉండిపోయింది.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు విన్నా, ఆ మూడో దెబ్బకి ముందు ఒక్క క్షణం కాలు గాల్లో ఆగిపోతుంది. నేల ఎక్కడికో వెళ్లి తిరిగొచ్చినట్టుంటుంది. ఆ ఖాళీ కోసమే జనం వచ్చారు. మొదట వచ్చింది లవ్‌లెట్ అనే నర్సింగ్ విద్యార్థిని. ఆస్పత్రి యూనిఫాంలోనే నిలబడి, ప్రియుడి మోటార్‌సైకిల్‌ని మూడు నిమిషాలు తిట్టి డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ పాట వారం తిరక్కుండా కాలేజీ పిల్లల నోళ్లలో పడింది. పోర్ట్ రాయల్ నుంచి చేపలమ్మే ఆయన వచ్చి తుపాను మీద పాడాడు. ఉద్యోగం మానేసిన కానిస్టేబుల్ ఒకడు తన పాత ఇన్‌స్పెక్టర్ మీద పాడాడు. నత్తి ఉన్న ఒకతను పేరు చెప్పడానికే చాలాసేపు తీసుకున్నాడు. టేపు తిరగ్గానే, వంద మాటలు తడబడకుండా దరువు మీద పోశాడు. బయటికొచ్చి మళ్లీ నత్తిగానే మంచినీళ్లు అడిగాడు. అది చూసిన లెబర్ట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇంతమందికీ టేపు ఒక్కటే. పక్కపక్కనే పదహారు దారులున్న వెడల్పాటి టేపు అది. ఆరింట్లో రిడిమ్ ఉంటుంది, మిగతా పదీ గొంతులకి. యురయా వాటిని గదులు అనేవాడు. మెషిన్ కింద ఒక కాగితపు పట్టీ అంటించి, ఏ గదిలో ఎవరున్నారో పెన్సిల్‌తో రాసేవాడు. పాట బాగుందనుకుంటే గొంతునీ దరువునీ తగుపాళ్లలో కలిపి ఇంకో చిన్న టేపు మీదికి దింపేవాడు. దింపాక పట్టీ మీద పేరు కొట్టేసేవాడు. అంటే గది ఖాళీ. తర్వాత వచ్చినవాళ్లు అందులోనే, పాత గొంతు మీదే పాడతారు. కొత్తది ఎక్కిన మేరకి పాతది పోతుంది. పదిహేడేళ్లలో ఆ పట్టీ ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

రాన్స్‌ఫర్డ్ లిండో వచ్చింది ఒక శుక్రవారం పొద్దున్న. అప్పటికి ఇరవై ఒక్కమంది పాడేశారు. ఆ వీధి చివరే మా పేపరాఫీసు కావడంతో ఆరోజు నేనూ గేటు దగ్గర ఉన్నాను. లిండోకి నలభై ఏడేళ్లు. ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, చేతిలో టోపీ. ఉత్తరపు ఒడ్డు హోటళ్లలో టూరిస్టులు భోంచేస్తుంటే ఇరవై ఆరేళ్లు ఎవరెవరివో పాటలు పాడాడు. సొంతంగా నాలుగు రికార్డులు చేస్తే నాలుగూ షాపు అల్మారాల్లోనే ముసలివైపోయాయి.

"మిస్ డోర్కస్, ఒక్క పాట" అన్నాడు. "ఎల్లుండి, ఆదివారం పొద్దున్న, బుల్ బేలో బాప్తిస్మం తీసుకుంటున్నా. ఆ తర్వాత దేవుడి పాటే గానీ లోకం పాట నా నోట రాదు."

"పోయిన నెల ఒకడు ఇదే మాట చెప్పాడు. వాడు మునిగింది మూడోసారి" అంది మిస్ డోర్కస్.

"వాడు ఈత నేర్చుకుంటున్నాడేమో."

గేటు దగ్గరున్న వాళ్లు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఆఖరి పాట అంటున్నావ్. ఇన్నాళ్లు లేనిది ఇప్పుడెందుకు?"

లిండో టోపీ అంచు సరిచేశాడు. "ఈ మేక మీద అందరూ ఎక్కారమ్మా. నేనొక్కణ్నే గేటు బయట ఉండిపోతే నీళ్లలో మునిగినప్పుడు కూడా అదే గుర్తొస్తుంది. దాంతో దేవుడి ముందు నిలబడలేను. మా అయోనీకి చెప్పా, దేవుడికీ చెప్పా. ఒకే ఒక్కటి, తర్వాత అడగనని."

ఆయన భార్య అయోనీ ఈ బాప్తిస్మం కోసం పంతొమ్మిదేళ్లుగా ప్రార్థన చేస్తోంది.

మిస్ డోర్కస్ యురయా వైపు చూసింది. యురయా పట్టీ చూసి తొమ్మిదో గది ఎదురుగా లిండో పేరు రాశాడు.

ముందు పాడినవాళ్లంతా మూడో దెబ్బ దగ్గరి ఖాళీని దాటుకుంటూ పోయారు. కొందరు గెంతారు, కొందరు మాటతో పూడ్చారు. లిండో సరిగ్గా అక్కడే మొదలుపెట్టాడు. మాట కాదు, సన్నటి కూనిరాగం. కాలు గాల్లో ఉన్న ఆ క్షణాన్ని పట్టుకుని దానిలో కూర్చున్నాడు. తర్వాత పాట. ఎవడో ఇల్లు వదిలి పోతున్నాడు. 'గేటు దగ్గరికి వేసి పోతున్నా, నా వెనక ఈ నేల ఎవరు తొక్కుతారు' అని అడుగుతున్నాడు. షాపులో మిస్ డోర్కస్ తక్కెడలో మేకులు పోస్తూ ఆగిపోయింది. గేటు దగ్గర వరసలో ఉన్న తొమ్మిదిమంది, అందరూ నోరుగలవాళ్లే, నేల చూస్తూ నిలబడ్డారు. కంట్రీ బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్తే ఎవరో దాన్ని 'ష్' అన్నారు.

మూడు నిమిషాలు. ఒకే ఒక్క ప్రయత్నం. లిండో బయటికొచ్చి టోపీ పెట్టుకుని, "చాలా తమ్ముడూ?" అని యురయాని అడిగాడు. యురయా తల ఊపాడు.

ఆయన వెళ్లాక యురయా ఆ పాట మూడుసార్లు వేసుకుని విన్నాడు. మూడోసారి చిన్న టేపు మీదికి దింపుతూ విన్నాడు. దింపడం అయిపోయాక పట్టీ మీద పేరు కొట్టేశాడు.

మర్నాడు పొద్దున్న స్పానిష్ టౌన్ నుంచి కార్పొరల్ నట్‌మెగ్ వచ్చాడు. పంతొమ్మిదేళ్ల డీజే. అంటే రాగం తియ్యకుండా, మాటల్ని దరువు మీద గులకరాళ్లలా విసిరే రకం. పోలీసుల్లోనూ లేడు, సైన్యంలోనూ లేడు, పేరు ముందు మాత్రం హోదా ఉంది. కాళ్లకి నిమ్మపండు రంగు బూట్లు. పాట కూడా ఆ బూట్ల మీదే. యురయా అతన్ని తొమ్మిదో గదిలో పెట్టాడు.

నట్‌మెగ్ మొదటి కొన్ని దరువులు తల ఊపుతూ వదిలేసి అప్పుడు అందుకున్నాడు, యురయా రికార్డు బటన్ నొక్కిందీ అప్పుడే. సగంలో నాలుక మడతపడి నవ్వేశాడు. "ఆపన్నా, మేక నన్ను తన్నింది."

"టేపు ఆపను. ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎక్కు" అన్నాడు యురయా. రికార్డు బటన్ వదిలి, టేపుని అలాగే పోనిచ్చి, ఎనిమిది దరువుల తర్వాత మళ్లీ నొక్కాడు. నట్‌మెగ్ మళ్లీ ఎక్కాడు. పాట చివరికి రాకముందే అతని దగ్గర మాటలైపోయాయి, యురయా బటన్ వదిలేశాడు. "మిగతాది ఊరికే పోనీ అన్నా, బూట్ల గురించి ఇంకేం చెప్తాం" అని బయటికొచ్చాడు.

మధ్యాహ్నం మిస్ డోర్కస్ ఉప్పుచేప, ఉడికించిన అరటికాయ ఉన్న పళ్లెంతో వచ్చి కూర్చుంది. "నిన్నటి పెద్దాయన పాట పెట్టు. తింటూ వింటా."

యురయా చిన్న టేపు పెట్టాడు. సన్నటి బుస తప్ప ఏమీ రాలేదు. ముందుకి తిప్పాడు. బుస. చివరికి తిప్పాడు. అదే.

చిన్న మెషిన్ మీద రెండు బటన్లు కలిపి నొక్కాలి. ఒకటి టేపుని తిప్పుతుంది, రెండోది దాని మీద రాస్తుంది. నిన్న ఆయన ఒక్కటే నొక్కాడు. చక్రాలు తిరిగాయి, ఎర్రదీపం వెలగలేదు. కళ్లముందే ఉన్న దీపాన్ని ఆయన చూడలేదు. పాట వింటున్నాడు. పెద్ద టేపు మీది అసలు గొంతు మీదికి పొద్దున్నే నట్‌మెగ్ ఎక్కేశాడు.

మిస్ డోర్కస్ పళ్లెం కింద పెట్టింది. "పదిహేడేళ్లలో ఎన్నిసార్లు?"

"ఇదే మొదలు."

"ఆ మనిషే దొరికాడా నీకు?"

"వేరేవాళ్లయితే చేతిమీద ధ్యాస ఉండేదమ్మా" అన్నాడు యురయా. చొక్కా మార్చుకుని బుల్ బే బస్సెక్కాడు.

చర్చి రేకుల షెడ్డు. మర్నాడు మునగబోయే ఏడుగురు ఉపవాసంతో బెంచీల మీద కూర్చున్నారు. పెద్ద దిక్కు మదర్ వాష్టి, డెబ్బై ఏళ్ల మనిషి, తలకి తెల్లగుడ్డ, గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా ఉంది. యురయా తల వంచి విషయం చెప్పాడు. ఆవిడ లిండోని పిలిచింది, తను మాత్రం కదల్లేదు.

యురయా ఉన్నదున్నట్టు చెప్పాడు. బటన్ సంగతి, నట్‌మెగ్ సంగతి. "ఇవాళ ఇంకా శనివారమే అన్నా. రెండు గంటల్లో పాడించి తీసుకొచ్చేస్తా."

లిండో మొహంలో రంగు తగ్గింది. "దేవుడికి ఒక్కటన్నాను తమ్ముడూ. ఒకటి పాడాను. ఇప్పుడు వెళ్లి ఇంజినీరు బటన్ నొక్కలేదు, ఇంకోటి ఇప్పించు అనమంటావా?"

"తప్పు నాది, నీది కాదు."

"మాట నాదే కదా."

మదర్ వాష్టి అందుకుంది. "నువ్వు ఒక బటన్ నొక్కావా నాయనా?"

"అవునమ్మా."

"దేవుడు రెండూ నొక్కుతాడు. ఆ పాట ఎక్కడ చేరాలో అక్కడికి చేరింది. ఇతన్ని వదిలెయ్."

లిండో లోపలికి వెళ్లబోతూ ఆగాడు. "ఎన్నిసార్లు విన్నావ్?"

"మూడుసార్లు."

"అయితే నాలుగుసార్లు పాడినట్టే" అన్నాడు. నవ్వబోయాడు, కుదర్లేదు. బెంచీ మీద కూర్చుని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

తిరిగొచ్చే బస్సు హార్బర్ వ్యూ దగ్గర ఆగి జనాన్ని ఎక్కించుకుంటోంది. అక్కడ యురయాకి తట్టింది. తొమ్మిదో గదిని తను ఇంకా ఊడవలేదు. కొత్త గొంతు ఎక్కనిచోట పాత గొంతు అలాగే ఉంటుంది. మామూలుగా అయితే పాట దింపేముందు ఆ ముక్కలన్నీ చెరిపేస్తారు. ఖాళీ చేసినవాడు వదిలేసిపోయిన చెత్త కింద లెక్క. నట్‌మెగ్ పాట దింపడానికి సాయంత్రం లెబర్ట్ వస్తానన్నాడు. లెబర్ట్‌కి శుభ్రం ఎక్కువ.

బస్సు కదిలేలా లేదు. యురయా దిగి, సిమెంటు లారీ ఒకటి ఆపి ఎక్కాడు. స్టూడియోకి వచ్చేసరికి తెల్ల పొడితో భూతంలా ఉన్నాడు. లెబర్ట్ మెషిన్ ముందు కూర్చుని ప్యాటీ తింటున్నాడు.

"ఊడ్చేశావా?"

"చేతులు జిడ్డుగా ఉన్నాయని ఆగా. నీకేమైంది, పిండిలో పడ్డావా?"

యురయా తొమ్మిదో గది గొంతు పైకి లేపి టేపు వదిలాడు.

ముందు లిండో కూనిరాగం వచ్చింది. గాల్లో ఆగిన కాలు. 'గేటు దగ్గరికి వేసి పోతున్నా, నా వెనక ఈ నేల ఎవరు తొక్కుతారు?' ఆ ప్రశ్న పూర్తయిన దెబ్బ మీదే నట్‌మెగ్ దిగాడు: 'నేనొచ్చా, జరగండి, నా బూట్లు చూశారా, నిమ్మపండు రంగు.' సాగిపోయాడు. మేక తన్నిన చోటికి వచ్చాడు. నవ్వాడు. ఆ నవ్వు తెగిన చోట, ఎనిమిది దరువుల సందులో, పెద్దాయన గొంతు లోపలి గదిలోంచి వచ్చినట్టు వచ్చింది: 'చెప్పులు విప్పి లోపలికి రా, ఇది మా అమ్మ తుడిచిన గచ్చు.' మళ్లీ నట్‌మెగ్. మాటలైపోయి అతను తప్పుకున్నాక చివర మళ్లీ లిండో: 'నేను పోయానని దరువు ఆపకండి, నేను పోయానని దరువు ఆపకండి.'

లెబర్ట్ చేతిలో ప్యాటీ అలాగే ఉంది. "వీళ్లిద్దరూ ఎప్పుడు కలిశారు?"

"కలవలేదు."

"మరి ఇదేంటి?"

యురయా దగ్గర సమాధానం ఉంది, కొంతమేరకు. దరువు ఒకటే, శ్రుతి ఒకటే, ఎవరు పాడినా కొలత తప్పదు. ఆ సంగతి ఆయనకి పదిహేడేళ్లుగా తెలుసు. కానీ తెలిసిన సంగతి అలా ఎదురుగా లేచి నిలబడటం ఆయనెప్పుడూ చూడలేదు. ఒకరి మొహం ఒకరెరగని ఇద్దరు, ఒక రోజు తేడాతో, ఒకే గడప దగ్గర మాట్లాడుకున్నారు. ఆయన మెషిన్ మీద చేతులు ఆనించి, వేలు కూడా ఆడించకుండా నిలబడి ఉండిపోయాడని లెబర్ట్ తర్వాత చెప్పాడు. టేపు చివర దాటి చక్రం పటపటా కొట్టుకుంటున్నా ఆపలేదట.

అప్పుడు మాత్రం దింపేటప్పుడు రెండు బటన్లూ నొక్కాడు. దీపం వెలిగిందా అని లెబర్ట్‌ని కూడా అడిగాడు.

నట్‌మెగ్‌ని ఒప్పించడం తేలికే. ఫోన్లో వినిపిస్తే, "ఆ ముసలాయనెవరు, నన్ను బూట్లు విప్పమంటున్నాడు?" అన్నాడు. మళ్లీ తనే, "ఉంచన్నా. ఆయన లేకపోతే నాది ఉత్త బూట్ల పాట" అన్నాడు.

లిండో సంగతి వేరు. అడక్కుండా ఆ గొంతు బయట పెట్టకూడదన్నది యురయా నియమం. మిస్ డోర్కస్ కూడా సరేనంది.

ఆదివారం పొద్దున్న బుల్ బే నల్ల ఇసుక మీద తెల్లబట్టల జనం. యురయా బూట్లు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. లిండో నాలుగోవాడు. మదర్ వాష్టి నడుములోతు నీళ్లలో నిలబడి, ఆయన తల పట్టి వెనక్కి ముంచి లేపింది. ఒడ్డున ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. లిండో నీళ్లు కారుతూ వచ్చాడు, భుజాల మీద అయోనీ తువ్వాలు కప్పింది. అప్పుడు యురయా వెళ్లి చెప్పాడు. ముక్కలు మిగిలాయని, వాటి మధ్యలో బూట్ల కుర్రాడున్నాడని.

"బూతులున్నాయా?" అన్నాడు లిండో.

"ఒకటుంది. తీసేస్తా."

లిండో సముద్రంవైపు చూశాడు. "ఇప్పుడు నేను ఊఁ అంటే లోకం పాటకి ఊఁ అన్నట్టే కదా. ఉహూఁ అందామంటే నోరు రావట్లేదు. నన్నడక్కు తమ్ముడూ."

యురయా ఏం చెయ్యాలో తోచక అయోనీ వైపు చూశాడు. ఆవిడ భర్త తల తుడుస్తూనే మాట్లాడింది.

"శుక్రవారం నీ దగ్గర పాడిన మనిషి ఎక్కడున్నాడు సోదరా?"

"ఇక్కడే కదమ్మా."

"కాదు. ఆ పాత మనిషిని ఇప్పుడే ఆ నీళ్లలో పాతిపెట్టారు. అందరూ చూశారు. ఈయన కొత్త మనిషి, ఈయనకీ ఆ పాటకీ సంబంధం లేదు. పోయినవాడి సామాన్లు ఎవరిస్తారు? పెళ్లాం ఇస్తుంది. నేనిస్తున్నా, తీసుకెళ్లు."

మదర్ వాష్టి ఒడ్డుకి వచ్చి తడిబట్టలతోనే విన్నది. అవునని అనలేదు, కాదని అనలేదు. తర్వాతి మనిషిని పిలిచింది.

రికార్డు బుధవారం మధ్యాహ్నం, రికార్డు షాపులుండే ఆరెంజ్ స్ట్రీట్‌లో వచ్చింది. షాపువాడు ముల్లు పెట్టాడు. పెద్దాయన గొంతు లోపలినుంచి 'చెప్పులు విప్పి లోపలికి రా' అనగానే కౌంటర్ మీద జనం అరచేతులతో బాదారు. అలా బాదితే ముల్లెత్తి మళ్లీ మొదట్నుంచి పెట్టాలి. ఏడుసార్లు మొదటికి వెళ్లాకే పాట చివరిదాకా నడిచింది. తోపుడుబండి మీద కొబ్బరిబోండాలు అమ్మే ఆయన వీధికి అడ్డంగా బండి వదిలేసి వచ్చి నిలబడ్డాడు. వెనక ఆగిపోయిన కార్లలో ఒక్కటీ హారన్ కొట్టలేదు. కింగ్‌స్టన్‌లో అది నేను ఆ ఒక్కసారే చూశాను. కుంటి మేక మీద మొత్తం ఇరవై రెండు రికార్డులు వచ్చాయి, ఇరవై మూడు గొంతులతో. ఇరవై రెండోది ఇదే.

యురయా ఆ జనంలోకి రాలేదు. పనిలో ఉన్నాడు, ఎప్పటిలాగే. పది రోజుల తర్వాత అయోనీ తాళం గడియ కొనడానికి మిస్ డోర్కస్ షాపుకి వచ్చి, పెరట్లోకి తొంగిచూసింది.

"నిన్న బస్సులో వేశారు సోదరా. ఆ మేక పాటలన్నీ ఒకదాని వెనక ఒకటి. ఆయన పక్కనే కూర్చున్నా."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, చర్చి టోపీ పెట్టుకుని. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కాలు కూడా ఆడించలేదు." గడియ ఇటూ అటూ జరిపి చూసుకుంది. "నేను ఆడించాననుకో. నేను పాడలేదుగా."

యురయా హెడ్‌ఫోన్ మెడలోకి దించుకున్నాడు. "ఆ బస్సుల్లో బేసు మరీ ఎక్కువ పెడతారు. ఆయన గొంతు పైకి వినపడిందా, కింద పడిపోయిందా?"

"వినపడింది. వెనక సీటువాళ్లు మాట్లాడటం ఆపారు" అంది అయోనీ.